నీటి మీద డయాసిటిలీన్ పొర: యూవీ వేస్తే నీలం బదులు గులాబీ రంగు వస్తోంది

ప్రశ్న (హనుమకొండ):
ట్రఫ్ (నీటి మీది పొరను బారియర్లు అనే జరిగే అడ్డుకడ్డీలతో నొక్కే తొట్టి) 300 × 70 మి.మీ. 10,12-పెంటకోసాడైనోయిక్ యాసిడ్ (యూవీ తగిలితే అణువులు గొలుసుగా కలిసి నీలం పాలిమర్ అయ్యే డయాసిటిలీన్), క్లోరోఫాంలో మి.లీ.కి 1 మి.గ్రా., 30 మైక్రోలీటర్లు వేస్తున్నాం. సర్ఫేస్ ప్రెషర్ (పొర వల్ల నీటి తలతన్యత ఎంత తగ్గిందో) 20 మిల్లీన్యూటన్/మీటర్ దగ్గర నిలిపి 254 నానోమీటర్ల లాంపు పది నిమిషాలు పెడితే బారియర్లు లోపలికి జరుగుతూనే ఉన్నాయి. గాజు మీదికి ఎత్తిన పొర గులాబీ రంగులో ఉంది. బారియర్ల జరుగుడును పాలిమర్ ఏర్పడిన లెక్కగా తీసుకోవచ్చా? నీళ్లు బోరువి, ఆర్వో చేసినవి.

జవాబు 1:
ఇప్పుడే తీసుకోకు తమ్ముడూ. లాంపు వేయకుండా, చీకట్లో, అదే ప్రెషర్ దగ్గర అరగంట ఉంచు. అప్పుడూ బారియర్లు జరిగితే అది పొర కూలడమో, నీటి మట్టం తగ్గి బారియర్ కింద నుంచి జారిపోవడమో. ఆ తగ్గుదల తీసేశాక మిగిలిందే రియాక్షన్‌ది.
ఇంకోటి, 30 మైక్రోలీటర్లలో దాదాపు 4.8 × 10¹⁶ అణువులుంటాయి. 210 చ.సెం.మీ.కి పంచితే మొదట్లో ఒక్కోదానికి 44 చదరపు ఆంగ్‌స్ట్రామ్‌లు. నిలబడ్డ గొలుసుకు 20–25 కావాలి. 20 ప్రెషర్ దగ్గర నీ లెక్క అణువుకు పది చదరపు ఆంగ్‌స్ట్రామ్‌ల దాకా దిగిందంటే అది ఒక్క పొర కాదు. స్వచ్ఛమైన నీటి మీద ఈ యాసిడ్ మూడు పొరలుగా పేరుకుంటుంది.

జవాబు 2:
ఆర్వో నీళ్లు పనికిరావన్నా. మిగిలిన కాల్షియం యాసిడ్ తలలను (అణువుల నీటివైపు కొసలను) పట్టుకుంటుంది, ప్రెషర్-వైశాల్యం కర్వ్ రోజుకో రకంగా వస్తుంది. 18.2 మెగాఓమ్-సెం.మీ. నీళ్లే (అయాన్లు దాదాపు లేని అతిశుద్ధ నీళ్లు) కావాలి. పొర వేయకముందు ఉత్త నీటి మీద బారియర్లు పూర్తిగా మూసి చూడండి. ప్రెషర్ 0.2 దాటితే పైపొరను సక్షన్‌తో లాగేసి మళ్లీ చూడాలి. మన దగ్గర మే నెల గది వేడికి ట్రఫ్‌ను వదిలేయొద్దు, సర్క్యులేటర్‌తో (చల్లని నీటిని తిప్పే యంత్రంతో) 20 డిగ్రీల దగ్గర కట్టేయండి. ఫ్యాన్ ఆపండి. చుక్క వేశాక పావుగంట ఆగి, అప్పుడు మెల్లగా నొక్కండి.

జవాబు 3:
గులాబీకి కారణం ఎక్కువ యూవీ. మొదట వచ్చేది నీలమే. వెలుగు, వేడి మితిమీరితే పక్క గొలుసులు చెదిరి, పాలిమర్ వెన్నెముకలో కాంజుగేషన్ (రంగునిచ్చే ఏక, బహు బంధాల ఎడతెగని వరుస) తెగుతుంది. లాంపు 10 సెం.మీ. ఎత్తున పెట్టి 15, 30, 60, 120 సెకన్లకు ఒక్కో స్లైడ్ ఎత్తి, 640 (నీలం రూపానిది), 540 (గులాబీ రూపానిది) నానోమీటర్ల దగ్గర కాంతి శోషణ కొలవండి. 540 పెరగడం మొదలయ్యే ముందే ఆపాలి. యూవీ కళ్లద్దాలు మరవద్దు.
సీసా కూడా చూడండి. పొడి నీలంగా ఉంటే అది అప్పటికే పాలిమర్, క్లోరోఫాంలో కరగదు. 0.45 మైక్రాన్ టెఫ్లాన్ ఫిల్టర్‌తో వడగట్టాలి. వడగట్టాక గాఢత తగ్గుతుంది కాబట్టి 1 మి.లీ. ఆరబెట్టి తూచాకే జవాబు 1లోని ఆ 44 లెక్క నమ్మండి.