హేర్‌వుడ్ హౌస్ ఘనత ఎవరిది: జాన్ కార్‌దా, రాబర్ట్ ఆడమ్‌దా?

రాతికట్టు:
ఇంగ్లండ్‌లో యార్క్‌షైర్ వైపు ఉన్న హేర్‌వుడ్ హౌస్ అనే దొరల భవనం గురించి ఎక్కడ చదివినా ముందు లోపలి గదులకి అలంకరణ గీసిన ఆర్కిటెక్ట్ రాబర్ట్ ఆడమ్ పేరే వస్తుంది. తర్వాత ఫర్నిచర్ చేసిన చిప్పెండేల్, తోటలు వేసిన కేపబిలిటీ బ్రౌన్. అసలు ఇల్లు కట్టిన జాన్ కార్ పేరు ఏ మూలో ఉంటుంది. 1759లో పునాది పడింది, 1771లో యజమాని ఎడ్విన్ లాసెల్స్ కాపురానికి వచ్చాడు. అన్నేళ్లూ పని నడిపించింది కార్. ఆయనకి దక్కాల్సింది దక్కలేదని నా వాదన. మీరేమంటారు?

ప్లానుగీత:
నేను ఒప్పుకోనండీ. కార్ గీసిన ప్లాన్లు 1758లో లాసెల్స్ ఆడమ్‌కి చూపించాడు, ఆడమ్ వాటిని మార్చాడు. ఈరోజు జనం టికెట్ కొని చూసేది ఆడమ్ గీసిన సీలింగులు, ఆ గదులు. ఆడమ్ రోమ్‌లో ఏళ్ల తరబడి ఉండి పాత కట్టడాలు కొలుచుకొచ్చినవాడు. కార్ ఇటలీ ముఖం చూడలేదు. పని తెలిసిన మంచి కాంట్రాక్టర్ అనండి, కాదనను. కానీ కాంట్రాక్టర్‌ని ఆర్కిటెక్ట్ పక్కన కూర్చోబెట్టలేం.

రాతికట్టు:
కాంట్రాక్టర్ అన్న ఒక్క మాట దగ్గరే నా గొడవంతా. ఆడమ్ చెప్పిన మార్పులన్నీ లాసెల్స్ ఒప్పుకోలేదు. గోడలు, గదుల కొలతలు, ఇంటి ఒడ్డూ పొడవూ చాలావరకు కార్ ఆలోచనే. గది లేకుండా సీలింగు ఎక్కడ గీస్తారు చెప్పండి?

ఆయన నేపథ్యం చూడండి. 1723లో వేక్‌ఫీల్డ్ దగ్గర హోర్బరీ అనే ఊళ్ళో రాతిపని మేస్త్రీ ఇంట్లో పుట్టాడు. తండ్రి దగ్గరే పని నేర్చుకున్నాడు. ఏ రాయి వానకి తట్టుకుంటుందో, ఏది పదేళ్లకే పొరలు లేస్తుందో చేత్తో తెలిసినవాడు. లండన్‌లో ఆఫీసు పెట్టుకోకుండా యార్క్‌లోనే ఉండిపోయి ఉత్తర ఇంగ్లండ్ నిండా ఇళ్లు కట్టాడు. ఆ ఊరివాళ్లు ఆయన్ని 1770లో ఒకసారి, 1785లో మరోసారి మేయర్‌ని చేసుకున్నారు. మేస్త్రీ కొడుక్కి ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదు.

ఇక ఆయన సొంత డిజైన్ చూడాలంటే బాసిల్డన్ పార్క్ చూడాలి. ఇది ఉత్తరాన కాదు, దక్షిణాన బర్క్‌షైర్‌లో, 1776లో మొదలైంది. బాత్ అనే ఊరి దగ్గర దొరికే సున్నపురాయితో కట్టారు. అప్పటి పెద్ద ఇళ్లలో చాలావాటికి బయట నుంచే పెద్ద మెట్ల వరస ఉండి, పై అంతస్తు స్తంభాల వసారాలోకి తీసుకెళ్తుంది. ఇక్కడ బయట మెట్లే కనపడవు. కింద మూడు కమానులు. వాటిలోంచి లోపలికి వెళ్తే అటూ ఇటూ మెట్లు దాగి ఉంటాయి, అవి ఎక్కితే ఒక్కసారిగా స్తంభాల మధ్య వెలుతురులోకి వస్తాం. వాన ఎక్కువ పడే దేశంలో వచ్చినవాడు తడవకుండా పైకి చేరతాడు, ఇంటి ముఖమూ చెడలేదు. ఇది కాంట్రాక్టర్ బుర్రా?

పైగా ఆయన దొరల ఇళ్లకే పరిమితం కాలేదు. 1771 వరదల్లో యార్క్‌షైర్ ఉత్తర భాగమైన నార్త్ రైడింగ్‌లో చాలా వంతెనలు కొట్టుకుపోయాయి. ఆ మరుసటేడే అక్కడి వంతెనల సర్వేయర్ అయ్యి 1803 దాకా ఆ పని చూశాడు. 1773లో ఆయన కట్టిన గ్రేటా వంతెన, ఒకే ఒక్క కమాను, ఇప్పటికీ నిలబడే ఉంది. పోర్చుగల్‌లో పోర్టో నగరానికి పెద్ద ఆసుపత్రి డిజైన్ చేసి ఇచ్చాడు. డార్బీషైర్‌లోని బక్స్‌టన్‌లో నెలవంక ఆకారంలో కట్టిన క్రెసెంట్ కూడా ఆయనదే. పుట్టిన ఊళ్ళో చర్చి సొంత డబ్బుతో కట్టించాడు, 1807లో పోయాక అక్కడే సమాధి చేశారు.

గోదారిగట్టు:
మీ ఇద్దరూ ఒక సంగతి దాటేసి మాట్లాడుతున్నారు. డబ్బు ఎక్కడిది? హేర్‌వుడ్ కట్టింది బార్బడోస్ చక్కెర తోటల డబ్బుతో, బానిసల వ్యాపారం డబ్బుతో. ఎడ్విన్ తండ్రి హెన్రీ లాసెల్స్ సంపాదనంతా అక్కడిదే. బానిసత్వం రద్దయ్యాక 1,277 మందికి లెక్కగట్టి 26 వేల పౌండ్లకు పైగా నష్టపరిహారం ఇచ్చారు. ఎవరికి? ఆ మనుషులకి కాదు, లాసెల్స్ వంశపు దొర హేర్‌వుడ్ ఎర్ల్‌కి.

మీరు మెచ్చుకున్న బాసిల్డన్ అయితే నేరుగా మన దేశం డబ్బే. దాన్ని కట్టించిన ఫ్రాన్సిస్ సైక్స్ 1765 నుంచి ముర్షిదాబాద్ నవాబు దర్బారులో ఈస్ట్ ఇండియా కంపెనీ మనిషి. అతను వెళ్లిపోయిన కొద్దికాలానికే, 1770లో బెంగాల్ కరువు. ఆ మూడు కమానుల వెనక ఎవరి శిస్తు ఉందో చెప్పకుండా అందం గురించి మాట్లాడటం నాకు మింగుడుపడదు.

ప్లానుగీత:
గోదారిగట్టు గారూ, మీరు చెప్పింది నిజం. కానీ అలా చూస్తే ఆ శతాబ్దంలో ఏ ఇల్లు మిగులుతుంది? కట్టినవాడిని కట్టించినవాడి పాపంతో తూచడం సబబు కాదు.

రాతికట్టు:
ఇక్కడ మాత్రం నేను గోదారిగట్టు గారి వైపే. కార్‌కి తన యజమానులు ఎవరో, డబ్బు ఎలా వచ్చిందో తెలియకుండా ఉండదు. సైక్స్ లాంటివాళ్ల సంగతి అప్పటి ఇంగ్లండ్ పత్రికల్లో, పార్లమెంటులో నలిగిన విషయమే. అందుకే ఆయన్ని పొగిడేటప్పుడు ఈ లెక్క కూడా అదే వాక్యంలో రావాలి, ఎక్కడో కింద గమనికలో కాదు. అయితే డబ్బు పాపిష్టిది కాబట్టి డిజైన్ ఘనత ఆడమ్‌కి పోతుందంటే కుదరదు. ఆడమ్ తీసుకున్నదీ అదే డబ్బు.

లీడ్స్ చుట్టుపక్కల ఉన్న మనవాళ్లకి ఒక మాట. హేర్‌వుడ్ వెళ్తే దక్షిణం వైపు తోటలోంచి ఫొటో తీసుకుని అదే కార్ పని అనుకోకండి. ఆ ముఖాన్ని 1840ల్లో చార్ల్స్ బారీ అనే ఆర్కిటెక్ట్ మార్చేశాడు, స్తంభాల వసారా తీసేసి టెర్రస్ కట్టాడు. ఉత్తరం వైపు నుంచి చూడండి. గేటు బయట ఊరి వీధి ఇళ్లు కూడా వదలొద్దు, వాటి డిజైన్ కార్‌దే.