పెట్రోలియం ఇంజనీరింగ్‌కు విశ్వవిద్యాలయం ఎంపిక: పేరు చూడాలా, పాఠ్యప్రణాళిక చూడాలా?

ప్రశ్న: పెట్రోలియం ఇంజనీరింగ్‌లో డిగ్రీ చేయదలచినవారు చమురు కంపెనీలు నియామకాలకు వచ్చే పేరున్న విశ్వవిద్యాలయాన్నే ఎంచుకోవాలా, లేక అక్కడ ఏం నేర్పుతారో చూసి నిర్ణయించుకోవాలా?

మొదటి అభిప్రాయం: పేరుకే నా ఓటు. అమెరికాలోని టెక్సాస్ ఎ అండ్ ఎం, కొలరాడో స్కూల్ ఆఫ్ మైన్స్ వంటి సంస్థల పూర్వ విద్యార్థులు పరిశ్రమలో ఎందరో ఉన్నారు కనుక ఇంటర్న్‌షిప్ దొరకడం అక్కడ సులువు. చమురు బావి తవ్వే రిగ్గు మీద ఒక్క వేసవి గడిపితే, తరగతిలో ఎంత విన్నా పట్టుబడని విషయాలు కళ్లకు కడతాయి.

రెండో అభిప్రాయం: ఇంటర్న్‌షిప్ విలువను నేను కాదనను. అయితే నియామకాలు విశ్వవిద్యాలయం పేరు కన్నా చమురు ధరను బట్టే ఎక్కువగా జరుగుతాయన్న సంగతిని ఈ వాదన పక్కన పెట్టింది. 2014 మధ్యలో 100 డాలర్లు దాటి ఉన్న పీపా ధర 2016 జనవరిలో 30 డాలర్ల దిగువకు పడింది. 2020 ఏప్రిల్ 20న అమెరికా ముడిచమురు ఫ్యూచర్స్ (సరుకు తర్వాత అందేలా ముందే కుదుర్చుకునే ఒప్పందాల) ధర సున్నా కంటే కిందికి జారింది. కోర్సులో చేరేటప్పటి ధర పట్టా చేతికొచ్చేసరికి ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వలేరు.

అందుకే ప్రయోగశాలలను చూడమంటాను. రాతి నమూనాలో రంధ్రాల శాతాన్ని, దాని గుండా ద్రవం ఎంత సులువుగా పారుతుందో విద్యార్థి స్వయంగా కొలుస్తాడా? సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ ముట్టుకునే ముందు మెటీరియల్ బ్యాలెన్స్ లెక్కను (బయటికి తీసిన ద్రవాన్నీ పీడనంలో మార్పునూ బట్టి భూగర్భంలో ఎంత చమురుందో అంచనా వేసే లెక్కను) చేత్తో చేయిస్తారా? నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం ఇదే. ఇసుక గుండా నీటి ప్రవాహంపై 1856లో ఫ్రెంచి ఇంజనీరు డార్సీ ప్రకటించిన సూత్రం చమురు బావికి ఎలా వర్తిస్తుందో, భూతాప బావికీ, కార్బన్ డయాక్సైడ్‌ను భూమిలో నిల్వచేసే బావికీ అలాగే పునాదిగా నిలుస్తుంది. నార్వే సముద్ర జలాల్లోని స్లైప్నర్ క్షేత్రంలో 1996 నుంచి ఆ వాయువును ఇసుకరాతి పొరలోకి పంపుతున్నది ఈ విద్య నేర్చినవారే. పునాది గట్టిగా ఉన్నవారికి చమురు ధర పడినా మరో దారి ఉంటుంది.

మొదటి అభిప్రాయం చెప్పినవారి జవాబు: ప్రయోగశాలల గురించి మీరన్నది ఒప్పుకుంటున్నాను, కానీ పేరున్నచోట అవీ బాగానే ఉంటాయి కదా?

రెండో అభిప్రాయం చెప్పినవారి జవాబు: కొన్నిచోట్ల ఉంటాయి, కొన్నిచోట్ల పరిశోధక విద్యార్థులకే పరిమితమవుతాయి, డిగ్రీ విద్యార్థికి వాటిలో వారానికి ఎన్ని గంటలు దక్కుతాయో అడగాలి. 2016లో బయటికి వచ్చిన విద్యార్థులు ఇప్పుడు ఏయే పనుల్లో ఉన్నారో కూడా అడగండి. చెప్పడానికి వెనకాడే విభాగాన్ని, దాని పేరు ఎంత గొప్పదైనా, నేనైతే జాబితాలోంచి తీసేస్తాను.