హార్నెస్‌లోంచి కుక్క తల లాగేసుకుంటోంది, చిన్న సైజు కొనాలా?

ప్రశ్న: ల్యాబ్రడార్, ఛాతీ చుట్టుకొలత 72 సెం.మీ. వెనక్కి గుంజితే హార్నెస్ (మెడకీ ఛాతీకీ తొడిగే పట్టీలు) లోంచి తల బయటికొచ్చేస్తోంది. పైగా చంకల్లో ఎర్రగా ఒరుసుకుపోయింది. చిన్న సైజు తీసుకుంటే సరిపోతుందా?

జవాబు 1: చిన్నదైతే చంకలు ఇంకా కోసుకుపోతాయి. ఛాతీ పట్టీ ముందుకాలికి రెండు మూడు వేళ్లు వెనగ్గా పడాలి. కుక్క నిలబడి ఉన్నప్పుడే బిగించండి. పట్టీ కింద రెండు వేళ్లు పడితే చాలు, నాలుగు దూరాయంటే వదులే. మెడ పట్టీ కూడా అంతే, చాలామంది దాన్ని బిగించడం మర్చిపోతారు.

జవాబు 2: వెనక్కి గుంజే కుక్కకి ఛాతీ ముందు పట్టీలు వై (Y) ఆకారంలో కలిసేది, మెడ, ఛాతీ పట్టీలతో పాటు మూడో పట్టీ ఉన్నది చూడండి. ఆ పట్టీ పక్కటెముకల చివర పడాలి, మెత్తటి పొట్ట మీద కాదు. అక్కడ ఛాతీ సన్నబడుతుంది కాబట్టి అంత తేలిగ్గా జారదు.

జవాబు 3: ఎరుపు తగ్గేదాకా హార్నెస్ వేయకండి. కొత్తది కాసేపు నడిపించాక మళ్లీ బిగించండి, నైలాన్ పట్టీ బకిల్ దగ్గర సడలుతుంది.