సమస్యాపూరణం: «పాము కాపు గాయు ప్రాత కోట»

నిర్వహణ:
ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం. దానికి అతికేలా ముందు మూడు పాదాలు రాయడమే పూరణం.

పాము కాపు గాయు ప్రాత కోట

వస్తువు: చలికాలంలో టేకు అడవి గుండా మాణిక్‌గఢ్ కోటకు నడక. మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాలో గడ్‌చాందూర్ నుంచి జివతి వెళ్లే దారిలో, 9వ శతాబ్దంలో మానా నాగ వంశీయులు కట్టించారని చెప్పే నల్లరాతి కోట అది. పూరణంలో ఛందస్సుతో పాటు కొండ కూడా తప్పకూడదు. ఆ దారిలో నడిచేవాడికి పనికొచ్చే మాట ఒక్కటైనా ఉండాలి.

ఒక సందేహం ముందే తీరుస్తాను. సంయుక్తాక్షరానికి ముందున్న అక్షరం మామూలుగా గురువు (రెండు మాత్రలది) అవుతుంది. కానీ «గాయు» తర్వాత «ప్రా» ఉన్నా «యు» లఘువే (ఒక మాత్రదే). ప్రాత తెలుగు మాట, ఇక్కడ సమాసమూ లేదు. యతి, అంటే పాదం మొదటి అక్షరానికీ నడుమ అక్షరానికీ కుదరాల్సిన పోలిక, పా–ప్రా.

రాజూరా నుంచి:

మాన నాగ రాజ్య మహిమకు గుఱుతుగా
పడగ విప్పి నిలిచె గడప పైన
రాతి చెక్కడంబె, రాదు కాటున కది
పాము కాపు గాయు ప్రాత కోట

సిరోంచ నుంచి:
పడగ–గడప ప్రాసయతి (యతికి బదులు రెండో అక్షరాలు కలవడం) బాగా కుదిరిందండీ. అయితే గడప కాళ్ల కింద ఉండేది. గడప మీద పామంటే తొక్కి దాటే పాము అవుతుంది. నాగచిహ్నం ద్వారానికి పైభాగాన కదా ఉంది! రెండో పాదం ఇలా మారిస్తే?

దూలమందు పడగ తోడ నిలిచె

దూ–తో యతి చెల్లుతుంది. రాతి ద్వారానికి పైన అడ్డంగా వేసే రాయి దూలమే.

రాజూరా నుంచి:
మార్పు ఒప్పుకుంటున్నాను అక్కయ్యా. «మానా» అని దీర్ఘం ఉంచితే రెండూ గురువులై సూర్యగణం (గురువు, లఘువు లేదా మూడు లఘువులు) చెడుతుంది, అందుకే «మాన» అన్నాను.

నిర్వహణ:
అది దోషం కాదు. సీతా అన్నది తెలుగులో సీత అయినట్టే. 1956 దాకా ఆదిలాబాద్ జిల్లాలో ఉన్న తాలూకా మీది, పేర్లను తెలుగు చేసుకునే అలవాటు ఆ నేలకు పాతదే.

సిరోంచ నుంచి నా పూరణం:

మంచు కరగు దాక మఱుగున నిదురించి
యెండ సోకు రాతి నెక్కి పండు
చేయి పెట్టవలదు చీలిక లందున
పాము కాపు గాయు ప్రాత కోట

జివతి నుంచి:
ఇది అసలు పాము. చెప్పింది అక్షరాలా నిజం. పాము ఒంట్లో వేడి దానంతటది పుట్టదు, బయటి నుంచి తెచ్చుకోవాలి. పొద్దున చలికి రాళ్ల సందులో ముడుచుకుని, తొమ్మిది దాటాక ఎండ తగిలే రాయి మీదికి వస్తుంది. తూర్పు ముఖం గోడ ముందు వేడెక్కుతుంది, ప్రమాదమూ అక్కడే ముందు. ఒళ్లు బిగుసుకున్న పాము వెంటనే తప్పుకోలేదు, అందుకే చలికాలంలోనూ దాన్ని తొక్కే ప్రమాదం ఉంది. మనిషి భుజమెత్తు కర్రతో రెండడుగుల ముందు నేల తట్టుతూ నడవాలి. టేకాకు రాలి చీలమండ లోతు పడి ఉంటుంది. దాని కింద పామే కాదు, కదిలే రాయి కూడా కనపడదు. పైగా పొద్దున మంచుకు తడిసిన ఆకు జారుతుంది. చీలమండ కప్పే బూట్లు తప్పనిసరి.

గడ్‌చాందూర్ నుంచి:
దీనికి ఒక్క మాట కలుపుతాను. డిసెంబరులో అయిదున్నర దాటితే పొద్దు కుంకుతుంది, చెట్ల కింద చీకటి ఇంకా ముందే. నాలుగింటికల్లా కోట దిగడం మొదలుపెట్టాలి. చిరుత, ఎలుగు తిరిగే అడవి, అటవీ శాఖ వారికి చెప్పకుండా వెళ్లవద్దు. మనిషికి రెండు లీటర్ల నీళ్లు. చలిలో దాహం తెలియదు కాబట్టి తక్కువ పట్టుకెళ్తారు, ఎక్కేటప్పుడు తెలుస్తుంది.

బల్లార్‌షా నుంచి:

దూలగొండి కాయ తోవలో వ్రేలాడ
నూగు మేన దురద రేగఁ జేయు
తుడువ వలదు నీట, జిగురు పట్టీ తోడ
పాము కాపు గాయు ప్రాత కోట

నిర్వహణ:
మూడో పాదంలో తు–జి యతి కాదు, ప్రాసయతీ కాదు. అంతకంటే పెద్ద చిక్కు, సమస్య పాదానికీ మీ మూడు పాదాలకూ లంకె లేదు. దూలగొండి తీగజాతి కదా, ఆ తీగనే పాము చేయండి. మొదటి పాదంలో «కాయ» తీసి «తీఁగ» పెట్టి, మూడోది ఇలా:

కఱవకుండఁ గుట్టు కాయవిసముఁ గల్గు

జాగ్రత్త మాత్రం వచనంలో ఉండాల్సిందే. చలికాలానికి కాయలు ఎండి, చిన్న గాలికే నూగు లేస్తుంది. ఒంటి మీద పడితే గోకకూడదు, రుద్దకూడదు. రుద్దితే నూగు ఇంకా లోపలికి దిగుతుంది. అంటుకునే పట్టీ అద్ది పైకి లాగాలి. ప్రతిసారీ కొత్త ముక్క. ఆ తర్వాతే సబ్బు నీళ్లు. బట్టలు విడిగా ఉతకాలి.

జివతి నుంచి నా పూరణం:

పిట్ట రెట్ట విత్తు పెరిగి జువ్వి యగుచు
బీట వాఱఁ జేసెఁ బేర్పు నాఁడు
నేఁడు వేరె చుట్టి నిలిపెను రాలను
పాము కాపు గాయు ప్రాత కోట

సిరోంచ నుంచి:
ఈ వారానికి ఇదే మేటి అని నా అభిప్రాయం. గోడను బీటలు చేసిన జువ్వి వేరు తానే దానికి కాపు కాయడం అసలైన విరోధం. ఒక్క లోటు: ఆ చెట్టు వేరునే పాము అని ఎక్కడా అనలేదు. మూడో పాదం «వేరు రూపు దాల్చి వెన్నిచ్చి నిలిచిన» అంటే నాలుగో పాదంలోని పాముతో అతుకుతుంది.

రాజూరా నుంచి:
«వెన్నిచ్చు» వద్దు అక్కయ్యా. యుద్ధంలో వెన్నిచ్చాడంటే పారిపోయాడని. కాపు కాసేవాడికి ఆ మాట తగదు. «వెన్నుగా» అందాం. గణం రగణం (గురువు, లఘువు, గురువు), యతి వే–వె అలాగే ఉంటాయి.

జివతి నుంచి:
రెండూ స్వీకరించాను.

పిట్ట రెట్ట విత్తు పెరిగి జువ్వి యగుచు
బీట వాఱఁ జేసెఁ బేర్పు నాఁడు
వేరు రూపు దాల్చి వెన్నుగా నిలిచిన
పాము కాపు గాయు ప్రాత కోట

కోటకు వెళ్లేవారు గోడ బాగుచేద్దామని ముదురు వేరు నరకవద్దు. వేరు చచ్చి కుళ్లితే దాని మందమంతా బోలు పడుతుంది. వానాకాలంలో ఆ బోలులోకి నీరు దిగి, అప్పటిదాకా వేరు పట్టి ఉంచిన రాళ్లు వరసగా జారతాయి. ఆ వేరును కొద్దికొద్దిగా తీస్తూ, ఖాళీ అయిన చోటల్లా సున్నం గార నింపుకుంటూ రావాలి. అది తెలిసినవారు చేయవలసిన పని. వేరు పట్టి గోడెక్కడం కూడా అంతే తప్పు, మనిషి బరువుకు పై వరస కదులుతుంది.

నిర్వహణ:
ఈ వారం మొదటి స్థానం జివతి వారి పూరణానిదే. వచ్చే వారం సమస్య కూడా ఆటవెలది నాలుగో పాదమే:

నీరు లేని చోటె నీరు దొరకె

కొండకోటల్లో గోడకు రాయి తవ్విన గుంటే వాన నీటికి చెరువు కావడం మామూలు. అటువైపు ఆలోచించండి.