బ్లూబానెట్ల నీలం ఫొటోలో ఊదాగా పడుతోంది, ఏం చేయాలి?

ఏప్రిల్ రెండో వారంలో డాలస్ దగ్గర ఎనిస్‌లో బ్లూబానెట్ల (టెక్సస్ నీలి అడవిపూలు) మధ్య కుటుంబం ఫొటోలు తీయాలి. ఇద్దరు పెద్దవాళ్లు, పట్టులంగాలో ఐదేళ్ల పాప. ఫుల్‌ఫ్రేమ్ కెమెరా, 85 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్, రా (RAW, కెమెరా మార్పులు చేయకుండా దాచే) ఫైళ్లు.

చిక్కంతా రంగుతోనే. పూలు కంటికి నీలం, ఫైల్లో ఊదా. ముదిరిన పూలలో తెల్లమచ్చ ఎర్రబడుతుంది కాబట్టి కొంత దానివల్లే అనుకోవచ్చు, కానీ లేత గుత్తులూ అలాగే వస్తున్నాయి. వైట్ బ్యాలెన్స్‌ను (ఫొటో రంగుల వెచ్చదనాన్ని సర్దే అంకె) 5200 కెల్విన్ నుంచి 4500కి దించితే నీలం తేరుకుంటుంది, ముఖాలు పాలిపోతాయి. ఫొటోలు దిద్దే లైట్‌రూమ్‌లో ఊదా హ్యూను (రంగు ఛాయను) నీలం వైపు జరిపితే లంగా వంకాయరంగు అంచు కూడా మారిపోతోంది. ప్రతి ఫొటోకూ మాస్క్ (మార్చాల్సిన భాగం చుట్టూ హద్దు) గీయకుండా దారి ఉందా? కలర్‌చెకర్‌తో (రంగు గళ్ల కార్డుతో) కెమెరాకు రంగుల ప్రొఫైల్ చేసుకున్నవాళ్లకు తేడా కనిపించిందా?

ఇంకొకటి. పాప కూర్చుంటే పూలు నడుము పైదాకా వస్తాయి. ఎఫ్/2 దగ్గర (లెన్స్ రంధ్రం పెద్దగా తెరిస్తే) ముందు పూలు ముద్దయిపోతాయి, ఎఫ్/8 దగ్గర (రంధ్రం చిన్నదిచేస్తే) వెనక కంచె తేలుతుంది. మూడు మీటర్ల దూరంలో ఎఫ్/4 సరిపోతుందా, 135 ఎంఎం లెన్స్ మేలా? మొక్కలు తొక్కితే గింజ కట్టవు, అందుకని ఖాళీ నేల ఉన్నచోటే కూర్చోబెడతాం, అదీ నిప్పుచీమల పుట్టలు చూసుకుని.

పొద్దున్నే వెళ్లమని మాత్రం చెప్పకండి, సాయంత్రం ఐదు దాటాకే కుదురుతుంది.