అప్‌డేట్: సీసాల్లో గ్యాస్ పట్టింది, చక్కెర మళ్లీ వెయ్యలేదు

వారం దాటినా ఇంట్లో చేసిన పేల్ ఏల్ (ఒక రకం బీరు) గ్యాస్ లేక చప్పగా ఉంది, మూతలు తీసి ఇంకాస్త చక్కెర వెయ్యాలా అని అడిగాను కదా. వద్దన్నవాళ్ల మాటే నిజమైంది. లోపం చక్కెరది కాదు, చలిది. చికాగో చలికాలంలో మా బేస్‌మెంట్ 14 డిగ్రీలు; చక్కెరను పులియబెట్టి గ్యాస్ చేసే ఏల్ ఈస్ట్ ఆ చలికి ముడుచుకుపోతుంది. సీసాలు 22 డిగ్రీల గదిలోకి మార్చి, మెల్లగా తలకిందులు చేసి అడుగున పేరుకున్న ఈస్ట్‌ను కదిపితే రెండు వారాల్లో నురగ నిలిచింది.

సీసాల్లో నింపేటప్పుడు 19 లీటర్ల బీరుకు వేసింది మామూలు పంచదార 110 గ్రాములు (డెక్స్ట్రోజ్, అంటే గ్లూకోజ్ పొడి అయితే 130 దాకా పడుతుంది). 20 డిగ్రీల దగ్గర పులిసిన బీరులో ముందే 0.85 వాల్యూముల గ్యాస్ (లీటరు బీరులో 0.85 లీటర్ల గ్యాస్ అన్నమాట) ఉంటుంది, ఈ పంచదార నుంచి వచ్చేదీ కలిస్తే 2.4. ఏల్‌కి అది చాలు. చలిలో ఆగిన చక్కెర మీద మళ్లీ చక్కెర వేసుంటే, వెచ్చబడగానే రెండూ పులిసి సీసాలు పేలే ప్రమాదం ఉండేది.

ఒక సీసా పొంగుతూ పక్కది చప్పగా ఉంటే పాకం (ఆ పంచదారను నీళ్లలో కరిగించింది) సరిగా కలవలేదన్నమాట. పాకం ముందు బకెట్‌లో పోసి, దాని మీదికి బీరు దించాలి. బుడగలు రాకుండా గరిటె తిప్పాలి. ఒక సీసా ప్లాస్టిక్‌ది పెట్టుకోండి: నొక్కితే రాయిలా ఉంటే గ్యాస్ తయారైనట్టే. అయినా తాగే ముందు రెండ్రోజులు ఫ్రిజ్‌లో ఉంచాలి, లేకపోతే పైన చేరిన గ్యాస్ బీరులోకి దిగకుండా మూత తీయగానే పోతుంది.