క్విన్ మఠం కట్టింది 1350లోనా, 1433లోనా?

ఐర్లండ్‌లోని క్లేర్ కౌంటీలో ఉన్న క్విన్ అబ్బే శిథిలాల గురించి ఒక సందేహం. పేరులో అబ్బే (మఠాధిపతి పాలించే పెద్ద మఠం) అని ఉన్నా, ఇది నిజానికి ఫ్రాన్సిస్కన్ సన్యాసుల (సెయింట్ ఫ్రాన్సిస్ బాటలో నడిచే క్రైస్తవ సన్యాసుల) మఠమే. 1280 ప్రాంతంలో థామస్ డి క్లేర్ కట్టించిన నార్మన్ కోటను కొన్నేళ్లకే ఐరిష్‌వారు పడగొట్టారు. ఆ కోట గోడల మీదే మెక్‌నమారా వంశంవారు మఠం లేపారు. మూలల్లో లావుపాటి గుండ్రని బురుజుల మొదళ్లు ఇప్పటికీ కనిపిస్తాయి. 1541లో మఠం అధికారికంగా రద్దయింది, అయినా సన్యాసులు పూర్తిగా పోలేదు. చివరి సన్యాసి జాన్ హోగన్ 1820లో చనిపోయారు. ఇంతవరకు పేచీ లేదు.

చిక్కంతా స్థాపన దగ్గరే. కొన్ని పుస్తకాలు 1350 అంటాయి, మరికొన్ని 1433. రెండోదానికి పోప్ నాలుగవ యూజీన్ ఇచ్చిన అనుమతి ఆధారమని చదివాను. మొదటిదాని కోసం మూడు వారాలుగా వెతుకుతున్నాను. ఒక పుస్తకం మరో పుస్తకాన్ని చూపిస్తుంది, అది ఇంకోదాన్ని. గంట గోపురం, జంట స్తంభాల నడవ ఫొటోలు పెద్దవి చేసి చూశాను. అవి 15వ శతాబ్దం పనిలాగే ఉన్నాయి, కానీ నా కంటిని నేనే నమ్మలేను.

1350 అన్న తేదీ మొదట ఏ పత్రంలో, లేదా ఎవరి రాతలో కనిపిస్తుందో తెలిసినవారు చెప్పగలరా?